సీసాలో తేలిన నూనె

భూపాలపల్లి దవాఖానలో సంజీవ రెడ్డి మంచం పట్టి ఆ బుధవారానికి అయిదు రోజులు. మొగుళ్లపల్లిలో తన పత్తిచేను గట్టు మీద నడుస్తూ నడుస్తూ ఊపిరాడక కూలబడ్డ మనిషి, ఇంకా ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతోనే ఉన్నాడు. న్యుమోనియా, నెమ్ము చేసిందన్నారు. సూదులు వేశారు, తగ్గలేదు. టీబీ కావచ్చని కఫం పరీక్షకు పంపారు, కాదని వచ్చింది. ముప్పై రెండేళ్లు రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు ఊదిన కాలంలో దగ్గుకుంటూనైనా ఊరంతా తిరిగినవాడు, మానేసిన నాలుగు నెలలకు ఎందుకిట్లా పడ్డాడో ఎవరికీ అంతుపట్టలేదు.

కూతురు మేఘనకు మాత్రం సోమవారం నుంచి ఒక అనుమానం పట్టుకుంది. జనగామలో మందుల హోల్‌సేల్ ఏజెన్సీలో ఫార్మసిస్టు ఆమె. తండ్రి చేత సిగరెట్టు మాన్పించింది ఆమే. దేనితో మాన్పించిందన్నది తండ్రీకూతుళ్లకు తప్ప మూడో మనిషికి తెలియదనే ఆమె నమ్మకం. సోమవారం స్కాన్ తీసిన మనిషి గదిలోంచి బయటికొస్తూ పక్కవాడితో, "ఊపిరితిత్తుల్ల నూనె పేరుకున్నట్టు కనవడ్తుందన్నా," అన్న మాట ఆమె చెవిన పడింది. ఆ మాట తాను వినలేదని అనుకోవడానికి రెండు రోజులు ప్రయత్నించింది. చేతకాలేదు.

"పెద్ద డాక్టరు వచ్చిండట. మనిద్దరిని రమ్మంటున్నరు, లే బిడ్డా," అని తల్లి ఈశ్వరమ్మ భుజం తట్టింది. అప్పటికి మధ్యాహ్నం మూడు దాటింది.

పెద్ద డాక్టరు అంటే మహీధర్. ఊపిరితిత్తుల డాక్టరు, హనుమకొండ నుంచి వారానికి ఒకసారి వస్తాడు. యాభై ఏళ్లుంటాయి. మనిషి మెల్లగా మాట్లాడతాడు, చెప్పేది ఎదుటి మనిషికి అర్థమైందో లేదో చూసుకుని తర్వాతి మాట అంటాడు. గోడకున్న తెల్లని వెలుగుపెట్టెకు స్కాన్ ఫిల్మ్ తగిలించి ఉంది. వాళ్లిద్దరినీ కూర్చోమని, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అమ్మా, ఇది మామూలు నెమ్ము కాదు. మీ ఆయన ఛాతీలకు ఏదో నూనెలాంటిది పోయింది. అందుకే మా సూదులకు తగ్గుతలేదు. అది ఎట్ల పోయిందో మీరు చెప్తే గాని నేను ముందుకు పోలేను. జర యాది చేసుకొని చెప్పండి. ఈ మధ్య చేన్లో మందు ఏమన్న కొట్టిండా?"

"కూలోళ్లే కొడ్తరు సారూ. ఆయన గట్టు మీదనే ఉంటడు," అన్నది ఈశ్వరమ్మ.

"ట్రాక్టర్ ఉందా ఇంట్ల?"

"ఉన్నది."

"డీజిల్ తీసేటప్పుడు పైపు పెట్టి నోటితో గుంజుతరు కదా. గట్ల గుంజిండా? అది లోపలికి పోతే కూడా గిట్లనే అయితది."

ఈశ్వరమ్మ ముఖం విప్పారింది. కారణం దొరికితే జబ్బు సగం తగ్గినట్టే అన్న ఆశ అది. "గుంజే ఉంటడు సారూ! ఆయనకు గా అలవాటున్నది. నేనెన్ని తీర్ల చెప్పిన, ఇంటడా? గదే అయ్యుంటది. గదే కదనే మేఘనా?"

తల్లి చేతికి దొరికిన ఆ డీజిల్ పైపు మేఘన చేతికీ అందుతున్నది. అవునమ్మా అంటే చాలు. అంత తేలికైన అబద్ధం ఆమెకు జన్మలో ఎదురుపడలేదు. అవునన్నట్టు తల కూడా కొద్దిగా ఊగింది.

డాక్టరు కాగితం మీద ఏదో రాసుకుంటూ, "డీజిల్ అయితే ఒకటి రెండుసార్లు పోయి ఉంటది. అట్లయితే నయం. ఇక పోయేది లేదు కాబట్టి ఉన్నదానికి వైద్యం చేసుకుంట పోవచ్చు," అన్నాడు. మళ్లీ ఫిల్మ్ వైపు చూశాడు. "కాని శనివారం తీసిన ఎక్స్‌రే కంటె సోమవారం స్కాన్ అధ్వాన్నంగ ఉన్నది. అదే నాకు సమజైతలేదు. దవాఖాన మంచం మీద ఉన్న మనిషికి డీజిల్ ఎక్కడిది?"

శనివారం. ఆ మాట మేఘనకొక్కదానికే తగలవలసిన చోట తగిలింది.

"సిగరెట్లు మానేసి నాలుగు నెలలన్నరు?"

"అవు సారూ," ఈశ్వరమ్మ అందుకున్నది. అయిదు రోజుల్లో మొదటిసారి ఆమె గొంతులో కాస్త వెలుగు వచ్చింది. "ముప్పై రెండేండ్ల అలవాటు. నేను ఏడ్చిన, కొట్లాడిన, ఉపాసాలున్న. బంద్ కాలే. మా బిడ్డ బంద్ చేయించింది. జనగామ నుంచి మందు తెచ్చిస్తది. నేను కాళేశ్వరం పోయి ముక్తీశ్వరుని కాడ దీని పేరు మీద అభిషేకం చేయిపిచ్చిన."

డాక్టరు రాయడం ఆపి మేఘన వైపు తిరిగాడు. "మీరు ఫార్మసిస్టు కదమ్మా. ఏం మందు?"

కిటికీ అవతల అంబులెన్సును వెనక్కి తిప్పుతున్న డ్రైవరు ఎవరినో జరగమని కేకలేస్తున్నాడు. మేఘన ఆ కేకలు అయిపోయేదాకా ఆగింది.

"మందు కాదు సార్," అన్నది. "ఈ-సిగరెట్, ఆ పొగ పరికరంల పోసుకునే లిక్విడ్. నేనే కలిపిన."

ఈశ్వరమ్మకు అర్థం కాలేదు. కూతురి ముఖం, డాక్టరు ముఖం మార్చి మార్చి చూసింది. డాక్టరుకు అర్థమైంది. పెన్ను కింద పెట్టాడు. "మొదటి నుంచి చెప్పండి," అన్నాడు. "ఏదీ వదలకుండ."

మొదటి నుంచి అంటే కిందటి చలికాలం నుంచి. సంజీవ రెడ్డి మెట్లెక్కి ఆయాసపడితే హనుమకొండ తీసుకుపోయారు. పొగ బంద్ చేయకుంటే రెండేళ్లలో ఆక్సిజన్ సిలిండర్ పక్కన పెట్టుకుని బతకాలని అక్కడి డాక్టరు చెప్పాడు. మేఘన తెచ్చిన నికోటిన్ గమ్ ఆయన రెండు రోజులు నమిలి నోరు చేదని ఉమ్మేశాడు. అంటించుకునే పట్టీలు ఇస్తే ఒళ్లంతా దురద అని పీకేశాడు. కూతురు ఊరికి వచ్చిన ప్రతి ఆదివారం ఆమె ముందు కాల్చనని ఒట్టు వేసేవాడు, ట్రాక్టర్ షెడ్డు వెనక్కి పోయి కాల్చేవాడు. ఒకసారి ఆమె షెడ్డు వెనక్కి పోతే, పట్టుబడ్డ చిన్నపిల్లాడిలా సిగరెట్టు అరచేతిలో ముడిచి చెయ్యి కాల్చుకున్నాడు. ఆ బొబ్బకు మందు రాస్తూ ఆమె అనుకున్నది, ఏది ఏమైనా బాపును దీన్నుంచి బయటికి తీయాలని.

జనగామ హాస్టల్లో పక్క మంచం పిల్ల చూపించింది ఆ వీడియో. ఇంట్లోనే లిక్విడ్ కలుపుకోవడం ఎట్లా, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు. ఎవరో విదేశీయుడు వంటింటి బల్ల మీద గ్లౌజులు తొడుక్కుని, గ్రాముల తూకం మీద సీసా పెట్టి, పాయసం వండినంత తేలికగా చెబుతున్నాడు. సిగరెట్టులో ఉండే తారు, కాలిన పొగ ఇందులో ఉండవు. నికోటిన్ కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోతే చివరికి సున్నా. మేఘన ఆ వీడియో పదకొండుసార్లు చూసింది. దేశంలో ఆ పరికరాల అమ్మకం బంద్ అయి ఏళ్లయిందని ఆమెకు తెలుసు. తెలిసే, కొరియర్లో తెప్పించింది. ఎవరి దగ్గరి నుంచి అని డాక్టరు అడగలేదు, ఆమె చెప్పలేదు.

"తూకం కొన్న సార్. గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకొనే చేసిన. గాజు సీసాలు, డ్రాపర్లు మంచిగ కడిగి ఆరబెట్టిన. గ్లిసరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ మందుల్లకు వాడేటివే తీసుకున్న. నికోటిన్ లెక్క మూడుసార్లు వేసుకొని, నోట్‌బుక్కుల రాసుకొని, అప్పుడు కలిపిన. ప్రతి సీసకు తారీఖు, నంబరు అంటించిన." చెబుతుంటే తన గొంతులో ఒక రకమైన గర్వం తొంగిచూడడం ఆమెకే వినిపించింది, సిగ్గేసింది. మొదటి సీసా తయారైన రోజు ఆమె దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూసుకుంది. నీళ్లలాగ తేటగా ఉంది. కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షకు ఇరవైకి ఇరవై వచ్చిన రోజు కూడా అంత సంబరపడలేదు.

"మానిండు సార్. నిజంగనే మానిండు. పదిహేను రోజులకోసారి నికోటిన్ తగ్గించుకుంట వచ్చిన. రెండు నెలలు దగ్గు కూడ తగ్గింది. మెట్లు ఆగకుంట ఎక్కిండు."

"తర్వాత?"

"తర్వాత సప్పగ ఉంటుందన్నడు."

గంజి తాగినట్టుంది బిడ్డా, అన్నాడు తండ్రి ఆ ఆదివారం. ఏదన్న రుచి కలిపియ్యి, లేకుంటే మళ్లా పాన్ డబ్బా కాడికే పోత. నవ్వుతూనే అన్నాడు. కానీ మేఘనకు ఆ వారమంతా నిద్ర లేదు. రుచి కోసం కలిపే ద్రవాలు వేరే ఉంటాయి. తెప్పిద్దామంటే కొరియర్ పంపేవాడి ఫోను బంద్ అయింది. శుక్రవారం సాయంత్రం పని నుంచి హాస్టల్‌కు పోతూ, జనగామలో మిఠాయి సామాన్లు అమ్మే దుకాణం ముందు ఆగింది. లోపల రంగులు, అచ్చులు, వెండి రేకులు, వరుసగా ఎసెన్స్ సీసాలు. తండ్రికి మామిడిపండు ప్రాణం.

"మామిడి ఎసెన్స్ కలిపిన సార్. తినేదే కదా అని."

"తినడం వేరు, పీల్చడం వేరు," అన్నాడు మహీధర్. "కడుపుకు అరిగించుకునే శక్తి ఉన్నది. ఊపిరితిత్తికి లేదు. అది తెలుసు కదమ్మా మీకు?"

"తెలుసు సార్."

"ఎసెన్సులల్ల నీళ్లల్ల కలిసేటివి ఉంటయ్, నూనెల కలిసేటివి ఉంటయ్. అది ఏది?"

మేఘన వెలుగుపెట్టె మీది ఫిల్మ్ వైపు చూసింది.

"నేను ఇంకో తీర్ల అడుగుత," డాక్టరు గొంతు పెంచలేదు. "కలిపినంక పైన తేలిందా?"

ఈశ్వరమ్మ కూతురి మోకాలి మీద చెయ్యి వేసింది, చెప్పు అన్నట్టు. ఆ చెయ్యి బరువుకు మేఘనలో ఏదో తెగింది.

"తేలింది సార్," అన్నది. "సన్నసన్నయి చుక్కలు. పసుపుపచ్చగ. ఊపితే కలిసినట్టే అయినయ్, అరగంట ఉంచితే మళ్ల పైకి వచ్చినయ్. నూనెనే అని నాకు ఎరుకైంది. ఎసెన్స్ సీస మీద చిన్న అక్షరాలల్ల రాసి కూడ ఉంది. కాని మర్నాడే ఊరికి పోవాలె. బాపు ఎదురుచూస్తుంటడు. అయిదారు చుక్కలకు ఏమైతదిలే అనుకున్న. లేబుల్ మీద..." ఆగిపోయింది.

"లేబుల్ మీద?"

"వాడే ముందు బాగా ఊపాలి అని రాసిన."

మహీధర్ కళ్లద్దాలు తీసి కళ్లు నలుపుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే ఏడవడానికి ఆమెకు ఒక దారి దొరికేది.

"ఎన్ని రోజులు పీల్చిండు ఆ మామిడిది?"

"ఏడెనిమిది వారాలు."

"శనివారం?"

"నేనే తెచ్చిచ్చిన సార్." మాట పీలగా వచ్చింది. "గుంజకుంటే ప్రాణం పోయేటట్టుంది బిడ్డా, బాత్రూంల రెండు దమ్ములు గుంజుకుంట అన్నడు. ఇయ్యకుంటే వార్డుబాయ్‌ని పట్టుకొని సిగరెట్ తెప్పిచ్చుకుంటడని భయమైంది. ఇచ్చిన."

"అంటే ఇప్పుడు కూడ మంచం కాడనే ఉందా?" డాక్టరు కుర్చీలోంచి లేచాడు. "ఆక్సిజన్ పెట్టిన మంచం అది! నిప్పురవ్వ లేస్తే ఏమైతదో తెలుసా మీకు? అయిదు రోజుల సంది ఒక పక్క మేము మందులేస్తున్నం, ఇంకో పక్క మీరు నూనె పోస్తున్నరు. పోయి తీసుకరాండి. పరికరం, సీస, అన్నీ. ఇప్పుడే."

మేఘన లేచింది. తలుపు దాకా పోయి వెనక్కి తిరిగింది. "సార్, నూనెను తీసే మందు..."

"లేదు," అన్నాడు మహీధర్. ఆ మాట అన్నాక ఆయన స్వరం తగ్గింది. "వాపు తగ్గనీకె స్టెరాయిడ్ ఇస్త. పోసుడు ఆగింది కాబట్టి కొంత తేరుకోవచ్చు. ఎంత తేరుకుంటడో నేను చెప్పలేను. కొంత మచ్చ అట్లనే ఉండిపోతది."

"ఇది... కేస్‌షీటుల రాస్తరా సార్?"

"రాయకుంటే రేపు వచ్చే డాక్టర్ దేనికి వైద్యం చేస్తున్నమో ఎట్ల తెలుసుకుంటడమ్మా?"

బయట వరండాలో ఈశ్వరమ్మ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఆమె కేక పెడుతుందనో, చెంప పగలగొడుతుందనో మేఘన ఎదురుచూసింది. ఆమె ఒక్క ముక్కే అడిగింది.

"అది మందు గాదా?"

"గాదమ్మా."

"మరి నేను ఊరందరికి మందు అని చెప్పిన కదనే." పైట చెంగు నోటికడ్డం పెట్టుకున్నది. "నా బిడ్డ ఫార్మసీ సదివింది, మందు కనిపెట్టింది అని, నీళ్ల ట్యాంకు కాడ, బస్టాండ్ల, కనవడ్డోళ్లందరికి చెప్పిన." అక్కడే బల్ల మీద కూలబడి, ముఖం అటు తిప్పుకున్నది. మేఘన పక్కన కూర్చోబోతే, "పో. ముందుగాల ఆయన కాడికి పో," అన్నది, చూడకుండానే.

వార్డులో సంజీవ రెడ్డి దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, సగం కూర్చున్నట్టు పడుకుని ఉన్నాడు. పదేళ్లు సర్పంచుగా చేసిన మనిషి. ఊరి పంచాయితీలో ఆయన గొంతు సవరించుకుంటే కొట్లాట ఆగేది. ఇప్పుడు ఒక్క వాక్యం అనడానికి మూడుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వస్తున్నది. కూతుర్ని చూసి నవ్వాడు.

"ఏమన్నడు... డాక్టరు?"

మేఘన మంచం పక్కన కూర్చుని చెయ్యి చాపింది. "బాపూ, అది ఇయ్యి."

"ఏంది?"

"దిండు కింద ఉన్నది. ఇయ్యి."

ఆయన ఆమె కళ్లలోకి చూశాడు. ఇరవై అయిదేళ్లుగా ఆ ముఖం చదవడం ఆయనకు అలవాటు. మెల్లగా చెయ్యి దిండు కిందికి పోనిచ్చి, పెన్ను అంత పరికరాన్నీ సగం ఖాళీ అయిన సీసానూ తీసి ఆమె చేతిలో పెట్టాడు. సీసా మీద ఆమె చేతిరాత. ఊపకుండా దిండు కింద పడి ఉన్నదేమో, పైన పసుపుపచ్చని తెట్టు స్పష్టంగా కనిపిస్తున్నది. చూడకుండా ఉందామనుకుని కూడా చూసింది.

"గిదే బాపూ," అన్నది. "నీ ఊపిరితిత్తుల్ల ఉన్నది గిదే. నేను కలిపిన నూనె. నాకు తెలిసే కలిపిన. తేలిందని చూసి కూడ నీ చేతికిచ్చిన."

గొట్టంలో గాలి బుసబుసమంటున్నది. ఆయన చెయ్యి కదిలి, ఆమె చేతి మీదికి వచ్చి ఆగింది.

"ఎవరికి... చెప్పినవ్?"

"డాక్టర్‌కు. అమ్మ ముందటనే."

"పాడు చేసినవ్ కదే." ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. "కేసైతది బిడ్డా. లైసెన్సు పోతది నీది. నేను చెప్త... నేనే హన్మకొండల... ఎవని దగ్గర్నో కొన్ననని. నీకు తెల్వదని. డాక్టరును పిలువు..."

"వద్దు బాపూ."

"పిలువంటున్న... కదా." దగ్గు తెర వచ్చింది. లోపల గుడ్డ చింపుతున్నట్టు ఆ చప్పుడు. మేఘన ఆయన వీపు రాస్తూ ఉండిపోయింది. ఆమెకు చాతనైనది అదొక్కటే. నాలుగేళ్లు చదివిన చదువు, మూడేళ్లు చేసిన ఉద్యోగం, తూకం, నోట్‌బుక్కు, ఏవీ ఆ దగ్గును అర నిమిషం ముందుగా ఆపలేకపోయాయి. దానంతట అదే ఆగింది. ఆయన నుదుటి చెమట తుడిచి, నీళ్లు తాగించింది.

"నన్ను తిట్టు బాపూ," అన్నది.

"ఎందుకు తిడ్త? సప్పగున్నది... రుచి కావాలన్నది నేనే గదా." కళ్లు మూసుకున్నాడు. "మామిడిపండు లెక్కనే ఉండె... మస్తుగుండె."

ఆమె ఏడుపు ఆపుకోవడానికి లేచి, చేతిలో ఉన్నవాటిని ప్లాస్టిక్ సంచిలో వేసింది. మిగతావి ఇంట్లో ఉన్నాయి. వాటిని కూడా తెప్పించి డాక్టరుకు ఇవ్వాలి. మామిడిది మొత్తం ఆరు సీసాలు చేసింది. వరుస నంబర్లు వేసింది కాబట్టి బాగా గుర్తుంది.

"బాపూ, మిగిలిన సీసలు ఎక్కడ పెట్టినవ్? ఎవరన్న పోయి తెస్తరు. గిది మూడో నంబరు. ఇంకా మూడుండాలె."

నిద్రపోయాడేమో అనుకుని ముఖంలోకి వంగి చూసింది. కళ్లు తెరిచే ఉన్నాయి. కానీ ఆమె వైపు లేవు, కిటికీ వైపు ఉన్నాయి.

"బాపూ?"

"లెవ్వు."

"లెవ్వంటే?"

"నువ్వు కొత్త మిషిన్ తెచ్చినంక... పాతది ఊరికే ఉండె." మాట మాటకు ఆగుతున్నాడు. అది ఊపిరి కోసమో, చెప్పలేకనో తెలియడం లేదు. "మన కాటమయ్య... నేను మానిన అంటే మురిసిండు. నా బీడీలు గూడ బంద్ చేయిపియ్యి పటేలా... చెట్టెక్కుతుంటే దమ్మొస్తుందన్నడు. మీ అమ్మ గూడ... మందే అని చెప్పె. పాతది ఇచ్చిన. మూడు సీసలు ఇచ్చిన. నీకు చెప్తే... ఒల్లవని చెప్పలే."

"ఎప్పుడిచ్చినవ్?"

"నెల... మీద."

కాటమయ్య గీత కార్మికుడు. మొగుళ్లపల్లిలో తాళ్ల వనం పక్కనే వాళ్ల ఇల్లు. రోజుకు రెండు పూటలా నడుముకు, చెట్టుకు కలిపి మోకు తాడు బిగించుకుని చెట్లెక్కి కల్లు దించుతాడు. మేఘన చిన్నప్పుడు ముంజలు కొట్టి, చెంబులో వేసి పంపేవాడు. ఇప్పటికీ ఆమె ఆయన్ను మామా అనే పిలుస్తుంది.

ఆమె వరండాలోకి ఉరికింది. తల్లి అదే బల్ల మీద, అదే తీరుగా కూర్చుని ఉన్నది. ఫోన్లో కాటమయ్య నంబరు వెతుకుతుంటే వేళ్లు రెండుసార్లు తప్పు పేరు మీద పడ్డాయి. మోగింది. చాలాసేపు మోగాక ఆడమనిషి ఎత్తింది, కాటమయ్య భార్య సమ్మక్క.

"అయ్యో మేఘనా, నీకు నూరేండ్లు బిడ్డా! ఇప్పుడే నీ మాటనే అనుకుంటున్న. పటేలు ఎట్లున్నడు? లేచి కూసుంటున్నడా?"

"అత్తా, మామ ఎట్లున్నడు?"

"ఏం చెప్పాలె. పదొద్దుల సంది దగ్గు, జరం. రాత్రయితే కూసునే ఉంటుండు. దవాఖానకు పోదామంటే ఇనడు. గా నీ మందు పీలుస్తె జర నిమ్మళమైతదంటడు. అందుకనే నిన్ను యాది చేసుకుంటున్న. అడుగుకొచ్చింది బిడ్డా, ఇంకో సీస ఉంటె..."

"అత్తా, అది పీల్వనియ్యకు!" తన అరుపుకు వరండాలో మనుషులు తిరిగి చూశారు. "అది మందు గాదు. దానివల్లనే దగ్గు. బాపుకు గూడ దానివల్లనే అయింది. ఇగ ఒక్క దమ్ము గూడ గుంజనియ్యకు. మామ ఎక్కడున్నడు? ఇయ్యి ఫోను."

"తాళ్లకు పోయిండు," అన్నది సమ్మక్క. గొంతు మారింది. "పొద్దుగాల ఎక్కవోయి ఎక్కలేక మళ్లొచ్చిండు. కల్లు పులిసిపోతదని ఇప్పుడు అది నాలుగు దమ్ములు గుంజి, ఇగ పర్వాలేదని మోకు ఏసుకొని పోయిండు. అర్ధగంటైంది."

"ఫోన్ చెయ్యత్తా, ఎక్కకుమని చెప్పు!"

"నువ్వు మాట్లాడుతున్నది ఆయన ఫోన్లనే గదా బిడ్డా."

"అయితే ఉరుకత్తా. ఫోన్ పెట్టకు, ఉరుకు!"

మేఘన ఫోను చెవికి గట్టిగా అదుముకున్నది. చెప్పుల చప్పుడు, కుక్క మొరుగుడు, సమ్మక్క రొప్పు. ముప్పై అయిదు కిలోమీటర్ల అవతల ఉరుకుతున్న మనిషి వెనక ఆమె ఇక్కడ వరండాలో ఒక్కచోటే నిలబడి ఉన్నది. ఈశ్వరమ్మ ఎప్పుడు లేచి వచ్చిందో, కూతురి మోచెయ్యి పట్టుకుని, "ఏందే? ఎవరికేమైందే?" అని అడుగుతున్నది.

అటువైపు ఉరుకుడు ఆగింది. సమ్మక్క పిలుపు వినిపించింది, తలెత్తి పైకి చూసి పిలిచే పిలుపు. "ఏమయ్యో! దిగు! నీకే చెప్తున్న, దిగు!" గాలికి తాటాకులు గలగలమన్నాయి. మళ్లీ పిలిచింది, ఈసారి ఇంకా గట్టిగా. మూడోసారి ఆ గొంతు కీచుగా విరిగింది.

తర్వాత ఫోనును నోటికి దగ్గరగా తెచ్చుకుని, ఎవరైనా వింటారేమో అన్నంత మెల్లగా అన్నది సమ్మక్క.

"బిడ్డా... చెట్టు మీదనే ఉన్నడు. మోకు మీద ఒరిగిండు. చేతులు కిందికి యాలాడుతున్నయ్. ఎంత పిలిచినా కిందికి సూస్తలేడు."